బండి గుంజుతలేదా? బానెట్ మాత్రం ఎత్తకండి

మహబూబ్‌నగర్‌లో రాయచూరు రోడ్డు ఎక్కి మన్యంకొండకు బయల్దేరారనుకుందాం. కారు నంబరు ఏపీ 22తో మొదలవుతుంది కాబట్టి దాని వయసు వేరే చెప్పనక్కర్లేదు. ఆ సిరీస్ 2014తోనే ఆగిపోయి టీఎస్ 06 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ 06 నడుస్తోంది. చదును రోడ్డు మీద మర్యాదగా వచ్చిన బండి, ఘాట్ మొదలుకాగానే మూడో గేరు తన వల్ల కాదంటుంది. రెండో గేరు వేస్తే మూలుగుతుంది. వెనక సీట్లో అత్తగారు "గోవిందా" అంటున్నారు. అది భక్తో భయమో అడిగే ధైర్యం మీకు లేదు. ఇంతలో వెనక నుంచి ఓ ఆటో హారన్ కొట్టి మరీ మిమ్మల్ని దాటిపోతుంది.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఇంజన్‌కు గాలి అందుతోందా, పెట్రోలు అందుతోందా, ప్లగ్గులో నిప్పు సరిగా పడుతోందా, సిలిండర్లలో కంప్రెషన్ ఉందా, కాలిన పొగకు బయటికి దారి ఉందా అని వరసగా చూసుకోవడం. ఇందులో ఖర్చు తక్కువ. పదిమందికి చెప్పుకునేంత కథ కూడా ఉండదు. రెండోది మన మేనమామలూ బావమరుదులూ తరతరాలుగా నిలబెట్టిన దారి. ఏదీ చూడకూడదు, అన్నీ మార్చాలి. కింది చిట్కాలు ఈ రెండో దారివాళ్ళ కోసం. వీటిని శ్రద్ధగా పాటిస్తే పదివేల లోపు పోయే రోగాన్ని బండి ధరకు సమానం చేయవచ్చు.

1. తప్పును ముందు ఊరి మీదికి నెట్టండి

బండి గుంజడం లేదని ఎవరన్నా అనగానే ఆకాశం వైపు చూడండి. "గీ ఎండలకు మనమే గుంజుతలేం, బండేం గుంజుతది?" అనండి. ఎవరూ ఎదురు చెప్పరు.

ఇది పూర్తిగా అబద్ధం కాకపోవడమే ఈ సాకు గొప్పతనం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఓ ఐదు శాతం పలచగా ఉంటుంది. మే నెల ఎండలో అది ఇంకాస్త పలచబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్‌కు ఆ మేరకు బలం తగ్గుతుంది. అయితే రెండూ కలిపినా నష్టం పదో వంతుకు అటూ ఇటూ. మీ బండి పోగొట్టుకున్నది అంతకు ఎన్నో రెట్లు. పదిహేనేళ్ళ కింద ఇదే బండి, ఇదే ఎత్తులో, ఇదే ఎండలో, ఇదే కొండను మూడో గేరులో ఎక్కింది కదా అని ఇంట్లో ఎవరైనా గుర్తుచేస్తే, రేడియో సౌండు పెంచండి. ఏసీ మాత్రం బంద్ చేసి చూడకండి. మారుతి 800 లాంటి 796 సీసీ ఇంజన్‌కు ఉన్నదే నలభైకి అటూ ఇటూ గుర్రాల బలం. ఏసీ కంప్రెసర్ తన వాటా అందులోంచే తీసుకుంటుంది. బంద్ చేస్తే ఎంత తేడా వస్తోందో తెలిసిపోతుంది. తెలిసిపోవడం మన లక్ష్యం కాదు.

2. లక్షణాలు గుర్తుపెట్టుకోకండి

షెడ్డుకు వెళ్ళి "పికప్ లేదు భాయ్" అని రెండు ముక్కల్లో తేల్చేయండి. తాళం చెవి ఇచ్చి వచ్చేయండి. ఈ కింది విషయాలు పొరపాటున కూడా నోరు జారకూడదు.

పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బరువుగా ఉండి, వేడెక్కాక బాగవుతోందా? అలాగైతే చూపు చోక్ వైపో, సెన్సర్ల వైపో పోతుంది. నెమ్మదిగా నడిపితే బాగానే ఉండి, జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కాక మాత్రం ఒక స్పీడు దగ్గర ఆగిపోతోందా? పెట్రోలు ఫిల్టరో, పంపో, సైలెన్సరో అనుమానించాలి. ఇంజన్ అరుస్తోంది కాని బండి ముందుకు పోవడం లేదా? అది క్లచ్. ఉండి ఉండి కుదుపుతో మిస్సింగ్ కొడుతోందా? ప్లగ్గులు, వైర్లు, కాయిల్ చూడాలి. నీరసం ఒక్కరోజులో వచ్చిందా, ఏడాదిగా మెల్లమెల్లగా వచ్చిందా? ఒక్కరోజులో వచ్చిందంటే ఏదో ఊడింది, తెగింది, లేదా జారింది. ఏడాదిగా వచ్చిందంటే ఏదో అరుగుతోంది, లేదా మూసుకుపోతోంది.

ఇంత సమాచారం ఇస్తే పాత మెకానిక్ ఎవరైనా సగం రోగం గేటు దగ్గరే పట్టేస్తాడు. అంతకన్నా ప్రమాదం, ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని అప్పన్నపల్లి బ్రిడ్జి ఎక్కించి చూపించడం. చూసినవాడు ఊరికే ఇంజన్ దింపి బోరు పని చేయాలని చెప్పలేడు.

3. ఎయిర్ ఫిల్టర్‌ను తక్కువ చేసి చూడండి

ఒక లీటరు పెట్రోలు సరిగా కాలాలంటే దాదాపు పదివేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా ఓ కాగితం మడతల గుండానే ఇంజన్‌లోకి పోవాలి. మన దగ్గర గాలి సంగతి తెలిసిందే. చెల్కల ఎర్రమట్టి ఉంది. కంకర క్రషర్ల బూడిద ఉంది. కల్వకుర్తి, భీమా, కోయిల్‌సాగర్ నీళ్ళు వచ్చాక వరి పెరిగింది కాబట్టి కోతల కాలంలో హార్వెస్టర్లు లేపే నూగు కూడా ఉంది. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్ల లెక్క. దుమ్ములో తిరిగే బండికి అంతకు చాలా ముందే ఫిల్టర్ మార్చాలని అదే మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీ చదవకండి.

ఎలాగూ డబ్బా తెరిచారు కాబట్టి మూడు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోండి. మొదటిది, పంక్చర్ షాపులో గాలి గొట్టం తీసుకుని మురికి ఉన్న వైపు నుంచి కొట్టడం. దుమ్మంతా మడతల లోపలికి దిగిపోయి, పైకి శుభ్రంగా కనిపిస్తుంది. రెండోది, కాగితం ఫిల్టర్‌ను సర్ఫు నీళ్ళతో ఉతికి, తడి ఆరకముందే పెట్టేయడం. మూడోది నిపుణుల పద్ధతి. ఫిల్టర్ తీసి పారేసి, ఖాళీ డబ్బా మూసేయడం. ఆ సాయంత్రం బండి నిజంగానే తేలిగ్గా అనిపిస్తుంది. "సూసినవా, ఫిల్టర్ తీసేస్తే ఎట్ల ఉరుకుతుందో" అని నలుగురికి చూపించుకోవచ్చు. ఫిల్టర్ తీస్తే బాగైందంటే ఫిల్టరే రోగమని తేలినట్టు, కొత్తది కొంటే అయిపోయినట్టు. ఆ మాట ఎవరూ అనకుండా చూసుకోండి. అలాగే నడిపితే ఇసుక రవ్వలు రింగులనూ సిలిండరు గోడలనూ అరగదీసి, మిమ్మల్ని నేరుగా చివరి చిట్కాకు చేరుస్తాయి.

పాత కార్బురేటర్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వస్తుంది. ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ బండిలో గాలి తగ్గిందని కంప్యూటరే గ్రహించి పెట్రోలు కూడా తగ్గిస్తుంది. పొగ రాదు, బలం మాత్రం పోతుంది. పొగ లేదు కాబట్టి ఫిల్టర్ బాగుందని తీర్మానించేయండి. పల్లెలో నెల రోజులు నిలబెట్టిన బండైతే ఆ డబ్బాలో ఎలుకలు గూడు కట్టి ఉండవచ్చు. వాటిని ఇబ్బంది పెట్టకండి.

4. అన్నిటికీ ఇథనాల్‌నే అనండి

ఈ మధ్య దొరికిన మంచి ముద్దాయి ఇథనాల్. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు లెక్కన ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అంటే ఈ మిశ్రమంలో మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. మైలేజీ కాస్త పడిపోయిందంటే న్యాయం ఉంది. కొండ ఎక్కడం మానేసిన బండికి మాత్రం ఆ లెక్క చాలదు. ఆ లెక్క వేయకండి.

ఇథనాల్ నిజంగా చేసే పని వేరే ఉంది. పాత రబ్బరు పైపులను గట్టిపరచి పగలగొడుతుంది. నీటిని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పును, జిగురును కదిలిస్తుంది. అదంతా వచ్చి పెట్రోలు ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావలసిన చోట, అంటే ఎత్తు మీద, సరిపోను అందదు. కాబట్టి ప్రభుత్వాన్ని తిట్టండి, టీ కొట్టు దగ్గర గంట మాట్లాడండి. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌ను మాత్రం ముట్టుకోకండి.

మీకు ఇంకా ఉత్సాహం ఉంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోలు పోయించండి. ఆక్టేన్ అంటే బలం అనుకోవడం మన హక్కు. అది పెట్రోలు తనంతట తాను ముందుగా పేలకుండా తట్టుకునే గుణమనీ, మామూలు పెట్రోలు కోసం చేసిన ఇంజన్‌కు దానివల్ల అదనంగా వచ్చేదేమీ లేదనీ చెప్పేవాళ్ళు చిన్న మనసువాళ్ళు. కల్తీ అనుమానం వచ్చినా పరీక్ష అడగకండి. బంకులో ఫిల్టర్ పేపరు, సాంద్రత పరీక్ష, ఐదు లీటర్ల కొలపాత్ర అడిగే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. కాగితం మీద చుక్క వేస్తే శుద్ధమైన పెట్రోలు మరక లేకుండా ఆరిపోతుంది. రెండు నిమిషాల పని. వెనక బైకు అతను విసుక్కుంటాడు కాబట్టి హక్కు వదులుకుని ముందుకు కదలండి.

5. ప్లగ్గులు విప్పారా, ఒకే డబ్బాలో పడేయండి

ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో తెలియకూడదు. తెలిస్తే అవి మాట్లాడతాయి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తడిగా నూనె అంటి ఉంటే రింగుల మీదుగానో వాల్వు సీళ్ళ మీదుగానో ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా కాలిపోయి ఉంటే గాలి ఎక్కువై వేడి మీరుతోంది. ఇవన్నీ కనబడకుండా వెంటనే గరుకు కాగితంతో రుద్దేయండి. గ్యాప్ కొలిచే గేజి వాడకుండా కంటి అంచనాతో సుత్తిదెబ్బ ఒకటి వేయండి.

మారుతి 800లో సిలిండర్లు మూడే. ఒకటి పని మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే. స్లోలో ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరును మెకానిక్ ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో కాసేపు తీసి చూస్తే, ఏది తీసినప్పుడు ఇంజన్‌లో మార్పు రాదో ఆ సిలిండరే చచ్చినట్టు తేలుతుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలోనైతే ఇంజెక్టర్ కనెక్టర్ తీసి ఇదే చూస్తారు. నేరస్థుడిని ఇంత తొందరగా పట్టుకుంటే మిగతా రెండు సిలిండర్ల మీద ఖర్చు పెట్టే అవకాశం చేజారుతుంది.

6. స్లో పెంచించండి, టాపెట్లు బిగించండి

బలం లేని బండికి స్లో స్క్రూ తిప్పడం మనవాళ్ళ మొదటి వైద్యం. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ గట్టిగా తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగదు. ఘాట్‌లో ఎక్స్‌లేటర్ పూర్తిగా నొక్కినప్పుడు ఈ స్క్రూకు ఏ పనీ ఉండదు కాబట్టి రోగం అలాగే క్షేమంగా ఉంటుంది.

తర్వాత టాపెట్లు. పాత ఇంజన్ సన్నగా టకటకమంటుంది. ఆ చప్పుడు మీ పరువు తీస్తోందని అనుకుని "సప్పుడు రావొద్దు ఉస్తాద్, టైట్ చెయ్" అనండి. వాల్వుకు, దాన్ని నెట్టే భాగానికి మధ్య కాగితం మందాన సందు ఉండాలి. వేడికి వాల్వు పొడుగవుతుంది. సందు లేకపోతే అది తన సీటు మీద పూర్తిగా కూచోదు. కూచోని వాల్వు సందులోంచి కంప్రెషన్ కారిపోతుంది, మంట దూసుకుపోయి వాల్వు అంచు కాలిపోతుంది. ఇంజన్ నిశ్శబ్దంగా ఉంటుంది, బండి కొండ ఎక్కదు. మీరు కోరుకున్న నిశ్శబ్దం దొరికినట్టే. ఫీలర్ గేజి పెట్టి కంపెనీ చెప్పిన సందు ఉంచి, కాస్త టకటక మిగలనిచ్చే మెకానిక్‌ను పని రానివాడని ప్రచారం చేయండి.

టైమింగ్ బెల్టు గురించి ఆలోచించనే వద్దు. అది ఒక్క పన్ను జారినా వాల్వులు తెరుచుకునే వేళ తప్పి, అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ ఒకేలా పడిపోతుంది. గుర్తులు కలిశాయో లేదో చూడటం కొద్దిసేపటి పని. చూడకుండా ఇంజన్ దింపించడం వారం పని. వారమే మేలు.

7. వెలుగుతున్న లైటు మీద స్టిక్కర్ అంటించండి

డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగిందంటే కంప్యూటర్ ఏదో చెప్పాలని చూస్తోంది. స్కానర్ తగిలిస్తే ఆక్సిజన్ సెన్సరో, థ్రాటిల్ సెన్సరో, మిస్సింగ్ ఏ సిలిండరులోనో కోడ్ చూపిస్తుంది. కాబట్టి బల్బు పీకేయండి. వినాయకుడి చిన్న స్టిక్కర్ సరిగ్గా ఆ చోట పడుతుంది. స్కాన్ చేయించక తప్పలేదనుకోండి, కోడ్ ఏ సెన్సర్ పేరు చెప్పిందో ఆ సెన్సర్‌ను అప్పటికప్పుడు కొనండి. దానికి వచ్చే వైరును ఎలుక కొరికిందేమో, వేడికి బిరుసెక్కిన వాక్యూం పైపు చీలిందేమో చూడకండి.

పొల్యూషన్ సర్టిఫికెట్‌ను కూడా పోలీసులకు చూపించడానికే ఉంచుకోండి, చదవకండి. అందులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల అంకెలుంటాయి. మొదటిది మీరితే పెట్రోలు ఎక్కువవుతోందని, రెండోది మీరితే ఏదో సిలిండరులో పెట్రోలు కాలకుండానే పోతోందని అర్థం. పోయినసారి కాగితం పక్కన పెట్టి పోల్చుకుంటే బండి ఆరోగ్యం ఎటు పోతోందో తెలుస్తుంది.

8. థర్మోస్టాట్ పీకేయించండి, బోరు నీళ్ళు పోయండి

"మన ఎండలకు గది అక్కర్లేదన్నా, తీసేస్తే ఇంజన్ సల్లగుంటది." ఈ మాట చెప్పే షెడ్డు ప్రతి రోడ్డు మీదా ఒకటుంటుంది. థర్మోస్టాట్ ఇంజన్‌ను చల్లబరిచేది కాదు. ఇంజన్ పనిచేయవలసిన వేడికి, చాలా బండ్లలో 80 డిగ్రీలు దాటే దాకా, నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ అరవేడి మీదే నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ బండి కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆయిల్ పలచబడదు, మసి పడుతుంది, మైలేజీ పోతుంది.

కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోస్తే పని పూర్తవుతుంది. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బోరు నీళ్ళు ఎంత గట్టివో వంటింటి గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. రెండు వేసవులు గడిచేసరికి బండి నిజంగానే మరిగిపోతుంది. అప్పుడు ఒకటో చిట్కాకు తిరిగి వెళ్ళి ఎండను తిట్టండి.

9. ఇంజన్‌ను తప్ప దేనినీ అనుమానించకండి

బండి ముందుకు పోకపోతే తప్పు ఇంజన్‌దే. చక్రాలకూ ఇంజన్‌కూ మధ్య ఇంకేమీ లేనట్టు ప్రవర్తించండి. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజన్ తిరుగుతుంది, ఆ తిప్పుడు చక్రాలకు చేరదు. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కాస్త రేసు ఇచ్చి క్లచ్ మెల్లగా వదిలితే, బాగున్న క్లచ్ ఇంజన్‌ను ఆపేస్తుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. ఇలా చూస్తే ఇంజన్ నిర్దోషి అని తేలే ప్రమాదం ఉంది.

బ్రేకులు పట్టేసిన బండి కూడా బలహీనంగానే కనిపిస్తుంది. బ్రేకు ఎక్కువ వాడకుండా పది కిలోమీటర్లు పోయి ఆగి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి కాస్త దూరంగా పెట్టి చూస్తే ఒకటి మాత్రం కాగుతుంటుంది. జాకీ వేసి తిప్పితే ఆ చక్రం తిరగదు. టైర్లలో గాలి పది పాయింట్లు తక్కువున్నా ఇదే కథ. ఇవన్నీ చిన్న జబ్బులు. మీ హోదాకు తగవు.

అన్నిటికన్నా చిన్నది కాలి కిందే ఉంది. కంపెనీ మ్యాటు, దాని మీద రబ్బరు మ్యాటు, దాని మీద పెళ్ళిలో వచ్చిన కార్పెట్ ముక్క. ఎక్స్‌లేటర్ పెడల్ అడుగుదాకా నొక్కినా ఇంజన్ దగ్గర థ్రాటిల్ ముప్పావు వంతే తెరుచుకుంటుంది. కేబుల్ సాగినా అంతే. ఒకరు లోపల కూచుని పూర్తిగా నొక్కుతూ, ఇంకొకరు బానెట్ ఎత్తి థ్రాటిల్ పూర్తిగా తిరిగిందో లేదో చూస్తే రూపాయి ఖర్చు లేకుండా తేలుతుంది. ఇంజన్ కూడా స్టార్ట్ చేయనక్కర్లేదు. మ్యాట్లు తీయకండి. నాలుగోది వేయండి.

10. చప్పుడునే బలం అనుకోండి

సైలెన్సర్‌కు నాలుగు రంధ్రాలు కొట్టించండి. బండి మెట్టుగడ్డలో ఉండగానే క్లాక్ టవర్ దగ్గర వినిపిస్తుంది. అంత చప్పుడు చేసేది గుంజకుండా ఉంటుందా అని మీ చెవి మీకే సర్దిచెబుతుంది.

నిజంగా పొగ దారి మూసుకుపోయిన బండ్లు ఉంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి జాలీ కరిగిపోతేనో, సైలెన్సర్ లోపలి రేకు విరిగి అడ్డం పడితేనో పొగ వెనక్కి తన్ని, కొత్త గాలికి చోటు ఉండదు. వాక్యూం గేజి తగిలిస్తే ఈ రోగం బయటపడుతుంది. ఆరోగ్యమైన ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. మన ఎత్తులో ఓ అంగుళంన్నర తగ్గించుకోవాలి. రేసు పట్టి ఉంచినకొద్దీ ముల్లు మెల్లగా దిగిపోతుంటే దారి మూసుకుందన్నమాట. ఈ గేజి షెడ్డులో ఉందా అని అడిగి మెకానిక్‌ను చిన్నబుచ్చకండి.

11. మందులు, దిష్టి

ఆయిల్‌లో పోసేది ఒకటి, పెట్రోలులో పోసేది ఒకటి, రేడియేటర్‌లో పోసేది ఒకటి. సీసా మీద పులి బొమ్మ ఉంటే ఇంకా మంచిది. ఇంజన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసినదానికన్నా చిక్కటిది పోయించండి. "పాత బండికి దప్పమున్నదే పొయ్యాలె" అన్నది శాస్త్రం. చిక్కటి ఆయిల్‌ను తిప్పడానికే ఇంజన్ తన బలంలో కొంత ఖర్చు పెట్టుకోవాలన్నది మనకు అనవసరం. డిప్‌స్టిక్ మీది పై గీత దాటించి పోయండి. ఎక్కువ ఉంటే మంచిదే కదా.

నిమ్మకాయలు, మిరపకాయలు శనివారం మార్చండి. వాటివల్ల నష్టం లేదు. ఈ జాబితాలో అలా చెప్పగలిగింది ఇదొక్కటే.

12. కంప్రెషన్ చూడకుండానే బోరు పనికి ఒప్పుకోండి

ఇదే పరమపదం. పైన చెప్పినవన్నీ పాటించినవాళ్ళు ఎలాగూ ఇక్కడికే వస్తారు. షెడ్డులో నల్లటి చేతులు తుడుచుకుంటూ "ఇంజన్ అయిపోయింది సార్, బోరుకొచ్చింది" అనగానే తల ఊపండి. హాఫ్ ఇంజనా, ఫుల్ ఇంజనా అని మాత్రమే అడగండి. ఎందుకు అని అడగకండి.

ఎందుకు అని అడిగితే ఆయన కంప్రెషన్ మీటరు తీయవలసి వస్తుంది. ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో రంధ్రానికి మీటరు తగిలించి, ఎక్స్‌లేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే ప్రతి సిలిండరుకూ ఓ అంకె వస్తుంది. మామూలు పెట్రోలు ఇంజన్‌లో అది 10 నుంచి 13 కిలోల మధ్య ఉంటుంది. సిలిండరుకూ సిలిండరుకూ పెద్ద తేడా ఉండకూడదు. ఒకటి తక్కువ చూపిస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొడతారు. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లీకవుతున్నాయి. వాల్వుల పనైతే హెడ్డు దింపితే చాలు, బోరు దాకా పోనక్కర్లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అన్నీ సరిగా ఉంటే ఇంజన్‌కు ఏమీ కాలేదు. రోగం ఇంకెక్కడో ఉంది.

మారుతి 800 ఇంజన్ 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆపేశారు. ముప్పై ఏళ్ళ పాటు దేశమంతా విప్పి బిగించిన ఇంజన్ అది. దాని లోపాలు తెలియని షెడ్డు ఉండదు, దాని సామాను దొరకని ఊరు తక్కువ. అయినా దాని రోగం తెలుసుకోవడం అసాధ్యమని నమ్మితేనే ఈ చిట్కా పనిచేస్తుంది. పదిహేనేళ్ళు దాటిన బండి ఆర్సీని ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చన్న సంగతి కూడా మరిచిపోండి. బోరు పని బిల్లు కట్టాక, పికప్ ఇంకా రాకపోతే, బండిని పాత ఇనుము ధరకు ఇచ్చేయండి. కొన్నవాడు పెట్రోలు ఫిల్టర్ మార్చి మీ కళ్ళ ముందే శ్రీశైలం ఘాట్ ఎక్కించుకుంటూ పోతాడు.

ఇంత క్రమశిక్షణ అందరికీ ఉండదు. అలాంటి బలహీనులు పని మొదలుపెట్టవలసిన వరస ఇది: మ్యాట్లు, టైర్లలో గాలి, బ్రేకులు, క్లచ్. తర్వాత ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్, ప్లగ్గులు, పైపులు, వైర్లు. ఆ తర్వాత టాపెట్లు, టైమింగ్, సైలెన్సర్. అన్నిటికన్నా చివర కంప్రెషన్. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చాక అదే రోడ్డు మీద నడిపి చూడండి. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఇంజన్ దింపుతానన్న మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: "భాయ్, కంప్రెషన్ ఎంతొచ్చిందో సిలిండర్లవారీగా ఈ కాగితం మీద రాసియ్యి." రాసిస్తే ఆయన మాట నమ్మండి. రాయకపోతే తాళం చెవి తీసుకుని ఇంకో షెడ్డుకు పొండి.